అంచుకు మట్టి లేని రోడ్డు

మా కొత్త రోడ్డు మీద మొదట పరుచుకున్నవి బండ్లు కావు, సోయాగింజలు. దసరాకు ముందే సిమెంటు పని అయిపోయింది గానీ, ఇంకా బండ్లను వదల్లేదు. నాందూర్ ఆడవాళ్ళమంతా చాటలూ చీపుళ్ళూ పట్టుకుని రోడ్డెక్కి, ఎవరి వాటా చోటు వాళ్ళం ఆక్రమించుకుని పంట ఆరబోసుకున్నాం. మా అత్త సోజర్‌బాయి సిమెంటును అరచేత్తో నిమిరి మురిసిపోయింది.

"మన కళ్ళం కంటె నున్నగున్నది గదనే ముద్రికా! సర్కారుకు మన సోయాబీన్ మీద గింత ప్రేమ ఎప్పటిసంది?"

మా మరిది వైజు అయితే గింజల పక్కనే వెల్లకిలా పడుకుని ఆకాశంలోకి చూస్తూ లెక్కలు వేశాడు. వాడికి చక్కెర కార్ఖానాలో రాత్రి షిఫ్టు పని. పాత రోడ్డు మీద మోటారుసైకిలు తోలి తోలి నడుం పోయిందని రోజూ మూలిగేవాడు. వదినను కదా, వాడి పరాచికాలన్నీ నాతోనే.

"వహినీ, ఇగ చూడు. నువ్వు పెనం మీద రొట్టె ఏసి తిప్పేలోపల నేను కార్ఖానల ఉంట."

"రొట్టె మాడిపోతదిరా అంత సేపుంటే," అన్నాను.

"మాడిందే పెట్టు. ఎప్పుడు పెట్టేది గదే గద!"

ఆ సంబరం దీపావళి దాకా నడిచింది. పండగ పోయాక రోడ్డు తెరిచారు. రెండు రాష్ట్రాల అవతలి రేవుకు పోయే లారీలన్నీ దగ్గరి దారి దొరికిందని మా ఊరి మీదికి మళ్ళాయి. ఇంతింత పెట్టెలు మోసుకుపోయే బండ్లు, పడుకుని పోయే బస్సులు, పేరు కూడా తెలియని ఊళ్ళ నంబర్లున్న కార్లు. అవి పోతుంటే మా ఇంటి రేకులు గడగడలాడేవి. గేదె పాలివ్వడానికి మొరాయించేది.

పాత రోడ్డును మేము తిట్టని రోజు లేదు. మనిషి దిగితే మునిగేంత గుంతలు. కానీ ఆ గుంతల్లో ఎవడూ ఎగిరిపోలేడు. ఎంతటి లారీవాడైనా మా ఎద్దుబండి వెనక ఎద్దులాగే నడవాలి. పైగా రెండు పక్కలా ఎద్దుబండి మళ్ళించేంత మట్టి నేల ఉండేది. బండి చెడితే పక్కకు లాగి, తుమ్మచెట్టు కింద ఒక కునుకు తీసి, తీరిగ్గా బాగుచేసుకునేవాళ్ళు. కొత్త రోడ్డుకు గుంతలూ లేవు, మట్టీ లేదు. సిమెంటు ఎక్కడ ఆగిందో అక్కడ నేల ఒక్కసారిగా మోకాలి లోతుకు దిగిపోయింది. ఎదురుగా రెండు లారీలు పోటీపడి వస్తే సైకిలువాడు ఎటు దిగాలి? గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఆడది ఎటు దూకాలి? పాలు పోసే కిసన్ అలా దూకే కాలు విరగ్గొట్టుకున్నాడు. పక్క ఊరి బడిపంతులు దూకనే లేకపోయాడు. అతని టిఫిను డబ్బా రోడ్డు మీద చాలా దూరం దొర్లుకుంటూ పోయిందట.

అప్పటికి చెరుకు సీజను మొదలైంది. మా ఆయన భానుదాస్ ట్రాక్టరు మీద చెరుకు తోలుతాడు. మాటలు తక్కువ మనిషి. లచ్చిమి అని పిలుచుకునే ఆ ట్రాక్టరుతో మాట్లాడినన్ని మాటలు కూడా నాతో మాట్లాడడని నా ఫిర్యాదు. దాని వెనక జోడు ట్రాలీలు తగిలించి, రెండింటి మీదా చెరుకు గడలు అటూ ఇటూ మూరెడు బయటికి వేలాడేలా ఎక్కిస్తే, రోడ్డు మీద ఒక చిన్న కొండ నడిచిపోతున్నట్టే ఉంటుంది. వెనక దీపం ఉన్నా గడల్లో మునిగిపోతుంది.

ట్రాక్టరుకు కొబ్బరికాయ కొట్టిన రోజు ఆయన పెరట్లో తిరిగి తిరిగి వచ్చి తల్లిని అడిగాడు.

"ఆయీ, గా పగిలిన తిరగలి చెక్క నాకియ్యి. చక్రాల కింద పెట్టేటందుకు."

ఆ తిరగలి అత్త కాపురానికి వచ్చేటప్పుడు పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పై రాయి ఆ వేసవిలోనే రెండు చెక్కలైంది. ఒక చెక్కకు పిడి కొయ్య ఇంకా అలాగే దిగబడి ఉంది. అడుగు నున్నగా, ఒక పక్క తిన్నగా ఉండి చక్రం కిందికి ముద్దుగా సరిపోతుంది.

"తీస్కపో. పిండి ఎట్లాగు రాల్చదు. నీ బండినన్న ఆపుతదేమో," అని అత్తే దాన్ని దొర్లించుకొచ్చి ట్రాలీలో వేయించింది.

నెల తిరక్కుండానే చావడి దగ్గర సభ పెట్టారు. రోడ్డు ఇంజనీరు వచ్చాడు. చిన్నవాడు, ఎండకు మొహం కమిలిపోయి ఉంది. ఊరి మగవాళ్ళంతా ఒకేసారి అరిచి అలిసిపోయాక మా అత్త లేచి కొంగు నడుముకు బిగించింది.

"సారూ, రోడ్డు పక్కన మట్టి ఏది?"

"డ్రాయింగులో ఉందమ్మా. రెండు వైపులా మట్టి పోసి, రోడ్డుకు సమానంగా చదును చెయ్యాలి. కాంట్రాక్టరు చెయ్యలేదు. నేను రాసి పంపించాను."

"డ్రాయింగుల ఉన్నదా? అయితె గా లారీలను డ్రాయింగు మీదికెల్లి పొమ్మను."

అందరూ గొల్లుమన్నారు. ఇంజనీరు కూడా నవ్వాడు. తర్వాత తల దించుకుని నిజమే చెప్పాడు. ఈ రోడ్డు మీద బండ్ల లెక్క తీసింది ఎన్నో ఏళ్ళ కిందట. అప్పటి లెక్కకు ఈ వెడల్పు సరిపోతుంది. ఇప్పుడు పోతున్నవి దానికి మూడింతలు. రోడ్డు నున్నగా ఉంటే వేగం పెరుగుతుంది, బండ్లూ పెరుగుతాయి.

"అందుకే పక్కన మట్టి ఉండాలమ్మా. మనిషన్నాక తప్పు చేస్తాడు. దిగడానికి చోటుంటే బతుకుతాడు."

"గంత తెలిసినోడివి, మట్టి ఎప్పుడు పోస్తవ్?"

"ఈ సీజను అయ్యేలోపు."

ఏ సీజనో మేమూ అడగలేదు, అతనూ చెప్పలేదు. చాయ్ తాగి జీపెక్కి వెళ్ళిపోయాడు. అతని మీద నాకు కోపం రాలేదు. తర్వాత వచ్చింది, చాలా వచ్చింది.

పుష్యమాసపు చలిలో ఒక మధ్యాహ్నం మా ట్రాలీ టైరు పేలింది. ఊరవతల వాగు కల్వర్టు ఉంది, అక్కడ రోడ్డు వంపు తిరిగి కొద్దిగా మెరకకు ఎక్కుతుంది. సరిగ్గా ఆ ఎక్కుడు మీద. కబురు తెలిసి నేను జొన్నరొట్టెలు, పచ్చిమిరప ఠేచా మూట కట్టుకుని పోయాను. పోయేసరికి ఆయన ట్రాలీ కింద దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ పక్క నుంచే లారీలు రివ్వున పోతున్నాయి.

"జర పక్కకు గుంజుకోరాదా బండిని?" అన్నాను.

"ఏ పక్కకు? దించితె ట్రాలీ బోర్ల పడ్తది," అని లోపలి నుంచి గొంతు వచ్చింది.

తిరగలి చెక్క వెనక చక్రం కింద ఉంది. ఇంకా వెనక్కి, వంపు మొదలయ్యే దాకా రోడ్డు మీద రాళ్ళు వరసగా పేర్చి, ఒక తుమ్మకొమ్మ నిలబెట్టి ఉంది. మా వైపు ఎవరి బండి చెడినా చేసే పని ఇదే. వచ్చేవాడు దూరం నుంచే చూసి తప్పుకుంటాడని. అయితే బండి బాగయ్యాక ఆ రాళ్ళు తీసినవాణ్ణి మాత్రం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఎవరూ తియ్యరు. పాత రోడ్డు మీద ఆ అలవాటు ఎవరి ప్రాణమూ తియ్యలేదు, ఎందుకంటే బండి ఆగేది మట్టిలో, రాళ్ళు మిగిలేదీ మట్టిలోనే.

పొద్దు వాలుతుంటే షిఫ్టుకు పోతూ వైజు అక్కడ ఆగాడు. మోటారుసైకిలు దిగకుండానే నా చేతిలో మూట విప్పి సగం రొట్టె తుంచుకున్నాడు.

"దాదా, నీ లచ్చిమి మళ్ళ అలిగిందా?"

"జాకీ తిప్పుడు రాదు గని మాటలైతె తిప్పుతవ్. పో, ఆలస్యమైతది," అన్నాడు ఆయన లోపలి నుంచే.

"వహినీ, దాదాకు ఠేచా ఎక్కువ పెట్టు. కారమెక్కితె బోల్టులు పండ్లతోని ఇప్పుతడు."

కింద నుంచి ఆయన నవ్విన చప్పుడు వినిపించింది. వైజు రొట్టె నోట్లో కుక్కుకుని, చేత్తో సరే అన్నట్టు ఊపి వెళ్ళిపోయాడు. వాణ్ణి ప్రాణంతో చూడటం నాకదే ఆఖరు. చీకటి పడకముందే నేను ఇంటికి వచ్చేశాను. కొత్త టైరు తేవడానికి పోయిన మనిషి అప్పటికింకా రాలేదు.

మర్నాడు తెల్లవారేసరికి పొగమంచు. కార్ఖానా పొగ కూడా కలిసి ఎదుటి మనిషి కనిపించనంత చిక్కగా ఉంది. నేను పేడ ఎత్తుతున్నాను. పక్కింటి లింబాజీ పరుగెత్తుకొచ్చి దడి పట్టుకుని నిలబడ్డాడు. అత్త పొయ్యి దగ్గర నుంచి బయటికి వచ్చింది.

"ఎవరు? పెద్దోడా, చిన్నోడా?" అంది.

ఆమె అలా ఎందుకడిగిందో నాకిప్పటికీ తెలియదు. రోడ్డు తెరిచినప్పటి నుంచి ప్రతి తల్లీ లోలోపల అదే అడుగుతూ ఉండేదేమో.

"వైజు... కల్వర్టు కాడ."

పరుగెత్తాం. వాడు అంచు కింద పడి ఉన్నాడు. మోటారుసైకిలు ఇంకా అవతల. వాడి తల సిమెంటు అంచుకు కొట్టుకుంది. నేను చెప్పదలుచుకున్నది ఇంతే. మొహం మీద ఎవరో తువ్వాలు కప్పారు. పొగమంచులో రాయి చివరి దాకా కనిపించి ఉండదు, ఒక్కసారిగా పక్కకు తిప్పి ఉంటాడు, చక్రం అంచు దాటి జారిపోయింది అని చూసినవాళ్ళంతా అన్నారు. మట్టి ఉంటే మట్టిలో పడి మోచేతులు గీరుకుని, లేచి, ఇంటికొచ్చి నన్ను నవ్వించేవాడు.

రోడ్డు మీద రాళ్ళు అలాగే ఉన్నాయి, రాత్రి లారీల చక్రాలకు తగిలి కొన్ని అవతలి వైపుకు కూడా దొర్లాయి. తుమ్మకొమ్మ ఎవరి చక్రం కిందో నలిగిపోయింది. వాటన్నిటికీ ముందు, ట్రాలీ చక్రం ఎక్కడ ఆగిందో అక్కడే, కొయ్య పిడి దిగబడిన ఆ తిరగలి చెక్క ఉంది. అది మా ఇంటిదే. అత్త వైపు చూసే ధైర్యం లేకపోయింది.

పోలీసు జవాను వచ్చాడు. మెడకు మఫ్లరు చుట్టుకుని, చలికి వణుకుతూ, బండి పడిన చోటు అడుగులతో కొలిచాడు. ఒక్కొక్క రాయినే బూటుతో తన్ని పక్కకు దొర్లిస్తూ వస్తున్నాడు.

"నిన్న గీడ ఎవరి బండి ఆగింది? ఎవరన్న చూసిండ్రా?"

ఊరివాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆ సీజనులో ఆ వంపు దగ్గర రోజుకో బండి ఆగేది. ఎవరిదని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? లింబాజీకి తెలుసేమో, నోరెత్తలేదు. అప్పుడే కార్ఖానా నుంచి ఎవరి బండి మీదో మా ఆయన దిగాడు. తమ్ముడి దగ్గరికి పోలేదు. రోడ్డు మధ్యలో నిలబడి ఆ రాయినే చూస్తున్నాడు.

జవాను రాయి దాకా వచ్చేలోపు అత్త కదిలింది. కొడుకు దగ్గరికి పోతుందేమోనని నేను పట్టుకోబోయాను. ఆమె పోయి ఆ తిరగలి చెక్క మీద కూలబడింది. చీర కుచ్చెళ్ళు చుట్టూ పరుచుకుని, మోకాళ్ళు చుట్టుకుని, తల వాల్చేసింది.

"లేవమ్మా, రోడ్డు మీద గట్ల కూసుంటరా? లారీలొస్తయి," అన్నాడు జవాను.

ఇద్దరు ఆడవాళ్ళు రెక్క పట్టి లేపబోతే విదిలించుకుంది. కన్నకడుపు కదా, కాసేపు వదిలెయ్యండి అన్నారెవరో. జవాను ఆమె చుట్టూ తిరిగిపోయి, గుర్తు తెలియని బండివాడు వదిలిన రాళ్ళ వల్ల అని రాసుకున్నాడు. శవాన్ని తాలూకా ఆస్పత్రికి తీసుకుపోవడానికి జీపు వచ్చింది. మా ఆయన ఎక్కాడు. అత్త అప్పటికీ లేవలేదు. బిడ్డ శవం పోతుంటే వెంట పోని తల్లిని ఎక్కడన్నా చూశామా అని ఆడవాళ్ళు గుసగుసలాడుకున్నారు. ఒకరొకరుగా జారుకున్నారు.

అందరూ పోయాక ఆమె తల ఎత్తింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"పట్టు," అంది నాతో.

ఇద్దరం కలిసి ఆ చెక్కను అంచు దాకా దొర్లించి, కల్వర్టు కింది నీళ్ళలోకి తోసేశాం. అప్పుడు మాత్రం ఆమె రోడ్డు మీద కూలబడి గుండెలు బాదుకుని ఏడ్చింది. ఆ ఏడుపుకు ఊరంతా మళ్ళీ పరుగెత్తుకొచ్చింది.

దినాలు అయ్యాక మా ఆయన మళ్ళీ చెరుకు తోలడానికి పోయాడు. పోక ఏం చేస్తాడు? నరికిన చెరుకు మన దుఃఖం తీరేదాకా ఆగుతుందా? కానీ మనిషి మారిపోయాడు. రోడ్డు మీద ఎక్కడ రాయి కనిపించినా జోడు ట్రాలీలతో సహా బండి ఆపి, దిగి, ఎత్తి పొలంలోకి విసిరేవాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి చంపేవాళ్ళు. తోటి డ్రైవర్లు ఎగతాళి చేశారు.

"ఏం భాన్యా, రోడ్డు ఊడ్చే గుత్త పట్టినవా? సర్కారు చీపురు కూడ ఇచ్చిందా?"

ఆయన మళ్ళీ బండెక్కి తోలుకుపోయేవాడు. ఇంట్లో తిండి పెడితే తినేవాడు, లేకపోతే లేదు. నేను రాయి మాట ఎత్తలేదు. ఎత్తితే ఏమంటానో నాకే భయం. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో ఆయన్ని చూస్తే నాకు కడుపు మండేది, పక్కనే జాలి కూడా వేసేది. రెండూ ఒకే గిన్నెలో ఉడుకుతుంటే మనిషి ఏం వండుతుంది? అత్తకు తెలుసని ఆయనకు తెలియదు. తెలియదని అత్తకు తెలుసు. ఇద్దరి మధ్య నేను నీళ్ళ చెంబు అందిస్తూ తిరిగేదాన్ని.

మాఘమాసం చివర్లో మరో ఇద్దరు అదే వంపు దగ్గర పోయారు. అప్పటికి గానీ ఊరికి పౌరుషం రాలేదు. మట్టి పోసేదాకా బండ్లను కదలనిచ్చేది లేదని రోడ్డు మీద బైఠాయించారు. సర్పంచ్ కేర్బా మా ఇంటికొచ్చి, తమ్ముణ్ణి పోగొట్టుకున్నవాడివి నువ్వే ముందు కూర్చోవాలని మా ఆయన చేతిలో వైజు ఫోటో పెట్టాడు. ఫోటోకు దండ కూడా వేసి తెచ్చాడు. కాదనడానికి వీల్లేకుండా చేశాడు.

రెండు వైపులా కంటికి కనిపించినంత దూరం లారీలు ఆగిపోయాయి. ఎండ మాడ్చేస్తోంది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళం ఒక పక్క కూర్చున్నాం. ఇంజనీరు వచ్చాడు, వెంట పోలీసు పెద్ద కూడా వచ్చాడు. ఇంజనీరు మొహం పాలిపోయి ఉంది. మట్టి బండ్లు తెప్పిస్తున్నానని చెప్పబోయాడు. పోలీసాయన అతన్ని ఆపి ముందుకొచ్చాడు.

"అంతా రోడ్డు తప్పే అంటున్నారు. మరి రాళ్ళు వదిలింది ఎవరు? రోడ్డే రాళ్ళు కన్నదా?"

"బయటి ఊరి ట్రాక్టరోళ్ళు!" అని నలుగురు అరిచారు.

"మా ఊరోడైతె గీడనే నిలబెట్టి తోలు తీస్తుంటిమి," అన్నాడు కేర్బా, తొడ చరిచి.

మా ఆయన చేతిలో ఫోటోను ఒకసారి చూసుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"సారూ, గా రాయి..."

"రాయి గురించి ఎవడు అడిగిండు?"

అత్త గొంతు. ఆడవాళ్ళ మధ్య నుంచి లేచి వచ్చేసింది. పోలీసాయన ముందు నిలబడింది, కొడుకు వైపు వీపు పెట్టి.

"సచ్చినోని తల్లిని నేను. రాయి గురించి అడిగితె నేనే అడగాలె. నేను అడగలే. ఇగ మీరెందుకు అడుగుతరు? ఆ రాయి వైజును చంపిందంటున్నవు. మొన్న సచ్చిన ఇద్దరిని ఏ రాయి చంపింది? పంతులును ఏ రాయి చంపింది? కిసన్ కాలు ఏ రాయి విరగ్గొట్టింది? మట్టి సంగతి చెప్పు. మట్టి ఎప్పుడొస్తది?"

పోలీసాయన ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు తల ఊపాడు.

అత్త అప్పుడు కొడుకు వైపు తిరిగింది. మెల్లగానే అంది గానీ నాకు వినపడింది.

"నువ్వు కూసో."

ఆయన కూర్చున్నాడనడం కంటె పడిపోయాడంటేనే సరి. ఫోటో ఒళ్ళో పెట్టుకుని తల్లి కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. ఆ సాయంత్రం లోపలే మట్టి బండ్లు వచ్చాయి. జనం చప్పట్లు కొట్టి లేచిపోయారు.

ఇంటికి వచ్చాక అత్త నీళ్ళ తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన పోయి ఆమె తడి పాదాల మీద పడ్డాడు. నేను గడపలో నిలబడి ఉన్నాను. లోపలికి పోదామనుకున్నాను, పోలేకపోయాను.

"నీకెప్పుడు ఎరుకైంది ఆయీ?"

"వాని కంటె ముందు రాయినే చూసిన."

"ఎనుక చెరుకు బండ్లన్ని ఆగిపోయినయి. ఒకటే హారన్లు. టైరు ఎక్కించంగనే కదిలిచ్చిన. రాళ్ళు యాదికే రాలే ఆయీ. ఎవ్వరు తియ్యరు గద... యాదికే రాలే." ఆయన వెక్కుతున్నాడు. "కార్ఖానల వాడు కనబడ్డడు. తెల్లారి ఇంటికి పోతున్న అన్నడు. తొవ్వ ఖాళీయేనా దాదా అని అడిగిండు. ఖాళీ, పో అన్న."

అది నాకూ తెలియదు. తడిక పట్టుకుని నిలబడ్డాను. అత్త చేతిలోని చెంబు వంగి నీళ్ళన్నీ కారిపోయాయి. ఆమె చెంబు కింద పెట్టింది. మాట్లాడినప్పుడు గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"ఇద్దర్ని కన్న. ఒకన్ని రోడ్డు తిన్నది. రెండోన్ని జైలుకిచ్చి నేనేం చేసుకుంట? నా పాణం ఉన్నన్నొద్దులు నిన్ను ఎవ్వనికి ఇయ్య. తిండి పెడ్త. జొరమొస్తె పక్కన కూసుంట. గని ఒక్కటి."

"చెప్పు ఆయీ."

"గదే. గా మాట అనకు. వాడు పడేటప్పుడు ఆయీ అనే అని ఉంటడు. ఇంకేమంటడు? దెబ్బ తాకితె అందరం గదే అంటం. నువ్వు ఆయీ అన్నప్పుడల్ల నాకు గదే ఇనబడ్తది. ఇగ నీ నోటెంట నాకు ఇనిపియ్యకు."

ఆయన తల ఎత్తి ఆమెను చూశాడు. ఏ పేరు పెట్టి సరే అనాలో తెలియక, ఊరికే తల ఊపాడు.

హోలీ పోయాక కార్ఖానా మూసేశారు. ఆఖరి ట్రాలీకి పూలదండలు కట్టి, గులాల్ చల్లి, పాటలు పెట్టుకుని ఊరేగించడం మా దగ్గర రివాజు. ఆ ఏడాది మా ట్రాలీకి దండలు కట్టలేదు. రోడ్డుకు మట్టి పోశారు, పోయలేదని చెప్పను. మేము బైఠాయించినంత మేరా, అటు కల్వర్టు దాకా పోసి చదును చేశారు. ఆపైన మళ్ళీ మోకాలి లోతు అంచే. అక్కడివాళ్ళు కూడా ఎవరినన్నా పోగొట్టుకుని, ఎండలో కూర్చుని అడగాలి కాబోలు. నాకు ఇప్పటికీ ఆ రోడ్డెక్కితే ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో మాత్రం తల్లీ కొడుకులు కొత్త పద్ధతికి అలవాటు పడ్డారు. ఆయనకు ఏం కావాలన్నా నాతో చెప్తాడు. "ఆకలైతున్నదని చెప్పు," అంటాడు, ఆమె రెండు అడుగుల దూరంలో ఉన్నా సరే. ఆమె వడ్డిస్తుంది. శనగపిండి పిఠ్లా వేడిగా ఉన్నప్పుడే పెడుతుంది. ఆయన బయటికి పోతే వచ్చేదాకా వీధి వైపే చూస్తూ ఉంటుంది. ఆ ఒక్క పిలుపు లేకుండా ఇల్లు ఎంత మూగదైపోతుందో మాకు ముందు తెలియలేదు.

ఎండలు ముదిరిన ఒక పొద్దున ఆయన వాకిట్లో ట్రాలీ కొక్కెం విప్పుతున్నాడు. సీజనంతా బురద పట్టి మేకు బిగిసిపోయింది. సుత్తితో కొడుతున్నాడు. అత్త గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. సుత్తి జారి ఆయన ఎడమచేతి బొటనవేలి మీద పడింది. గోరు పగిలి నెత్తురు చిమ్మింది. ఆయన నోరు తెరుచుకుంది. ఆ పిలుపు గొంతు దాకా వచ్చింది. అంతలో గడప వైపు చూశాడు. పళ్ళు బిగించి, వేలిని పిడికిట్లో మూసుకుని, అక్కడే చతికిలబడ్డాడు. ముఖం నల్లబడింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. చప్పుడు మాత్రం రాలేదు.

అత్త చాట పక్కన పెట్టి లేచింది. లోపలికి పోయి పసుపు డబ్బా, పాత చీర పేలిక తెచ్చింది. ఆయన ముందు కూర్చుని ఆ చెయ్యి తన ఒళ్ళోకి లాక్కుంది. పిడికిలి ఒక్కొక్క వేలే విప్పి, పసుపు అద్ది, పేలిక చుట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముడి వేసేటప్పుడు ఆమె పేలికను అవసరానికి మించి గట్టిగా లాగింది. ఆయన ఒళ్ళంతా జల్లుమంది. ఆమె ఒక్క క్షణం అలాగే ఆగింది, తల వంచుకుని, చెవి ఒగ్గి.

అప్పుడు కూడా ఆయన అనలేదు.